మూడు నెలల తాళం

ఆమనగల్లు,
15 జులై 2024

తమ్ముడు శ్రావణ్‌కు అక్క దీవెనలు.

నువ్వూ రేఖా బాగున్నారనే అనుకుంటున్నాను. నేను, మీ బావ బాగానే ఉన్నాం.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఇరవై ఏళ్లుగా పోస్టాఫీసులో కూర్చుని ఊరందరి ఉత్తరాల మీద ముద్ర కొట్టాను, ఇన్నాళ్లకు నా సొంత ఉత్తరం మీద ఒకటి కొట్టుకుంటున్నాను. ఫోన్ మాత్రం చేయకు. చేసినా ఎత్తను. బాపు పదోనాడు నలుగురి ముందు మనం అరుచుకున్నది చాలు.

విషయానికొస్తాను. నిన్న రావిర్యాల నుంచి మన పక్కింటి రాములమ్మ మీ బావకు ఫోన్ చేసింది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను: "మీ ఇంట్లకెళ్లి సుత్తె సప్పుడు ఇనవడ్తుంది సారూ. శ్రావణ్ పొద్దుగాల్ల వచ్చి తాళం తీస్తుండు, పొద్దుమీకి పోతుండు. విడిచిన ఇంట్ల గదేం పనో జర అడుగుండ్రి."

నేనూ అదే అడుగుతున్నాను. అదేం పని? బాపు పోయిన నక్షత్రం మంచిది కాదు, మూడు నెలలు ఇల్లు విడవాలని అయ్యగారు చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. తల ఊపింది నువ్వే. తాళం వేసి మీ ఆలుమగలిద్దరూ శంషాబాద్‌లో కిరాయికి దిగింది అందుకే కదా. సెప్టెంబర్ ఇరవై ఎనిమిది దాకా ఆ గడప ఎవరూ తొక్కకూడదు. పదిహేడు రోజులు కూడా ఆగలేకపోయావా? అంత తొందరపడి ఇల్లు బాగు చేయిస్తున్నావంటే ఎయిర్‌పోర్టులో పనిచేసే వాళ్లకెవరికైనా కిరాయికి ఇచ్చే ఆలోచనా? అలాగైతే ముందే చెప్పు, నా పెట్టె తీసుకుపోతాను.

నాయనమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్లు, నాకు పదమూడు. అప్పుడూ ఇల్లు విడవమన్నారు. బర్రెలను తోలుకుని ఎక్కడికి పోతామని బాపు ఇరవై రోజులకే తాళం తీశాడు. ఆ ఏడు తిరగకముందే అమ్మ పోయింది. నువ్వు నమ్మకపోతే మానెయ్. నేను నమ్ముతాను. నమ్మకుండా ఉండే ధైర్యం నాకు లేదు. తల్లిగారి వైపు నాకిప్పుడు మిగిలింది నువ్వొక్కడివే.

తాళం వెయ్. తాళంచెవి రేఖకు ఇవ్వు. బాపు ఫోన్ ఎక్కడుందో అది అక్కడే ఉండనియ్యి, తెరిచి చూడకు.

నీ అక్క,
స్వర్ణలత


శంషాబాద్,
22 జులై 2024

అక్కా, దండాలు.

నీ ఉత్తరం మూడు రోజులు మా ఇంటి ఓనరు కరివేపాకు కుండీ కింద ఉంది. వానకు తడిసి సగం సిరా కారిపోయింది. తిట్లు మాత్రం ఒక్కటీ చెరగలేదు, అన్నీ చదివాను.

రాములమ్మ సంగతి నీకు తెలియనిది కాదు. నెత్తి మీదుగా విమానం పోతుంటే "ఉరుముతుందా బిడ్డా?" అని అడిగే మనిషి. ఆమెకు తలుపు వేసిన ఇంట్లో సుత్తి చప్పుడు వినబడిందంటే నాకూ ఆశ్చర్యంగానే ఉంది. అయినా అబద్ధం చెప్పలేదులే. బాపు గది స్లాబు కారుతోంది. ఈ వానలకు అలాగే వదిలేస్తే సెప్టెంబర్‌లో తాళం తీసేసరికి తీయడానికి ఇల్లుండదు. బాలమల్లు అని ఒక పెద్ద మేస్త్రి ఉన్నాడు, జల్‌పల్లి ఆయన. ఆయనే వచ్చి చేస్తున్నాడు. నేను డ్యూటీ లేని రోజు పోయి తాళం తీసిస్తాను, అంతే. అక్కడ నిద్రపోలేదు, పొయ్యి ముట్టించలేదు, దీపం పెట్టలేదు. ఇంట్లో ఉండొద్దన్నారు గానీ ఇల్లు కూలిపోనియ్యమన్నారా?

కిరాయి మాట ఎలా రాశావక్కా? నాకు చాలా బాధేసింది. ఆ ఇంట్లో ఒక గది నీదని బాపు ఎన్నిసార్లు అన్నాడో నాకు తెలియదా? నీ పెట్టె నీ గదిలోనే ఉంది, దాని మీద వాన పడకుండా కవరు కప్పాను.

ఇక్కడ మేముండేది మూడో అంతస్తు. పక్క గదుల్లో విమానాల్లో పనిచేసే ఆడపిల్లలు నలుగురు ఉంటారు. చక్రాల పెట్టెలు మెట్ల మీద టకటక కొట్టుకుంటూ ఏ వేళకు పోతారో, ఏ వేళకు వస్తారో. రేఖకు హార్డ్‌వేర్ పార్కులోని కంపెనీ ఇక్కడి నుంచి దూరమైంది, రెండు బస్సులు మారుతోంది. ఇల్లు విడవడమంటే ఏమిటో మా కాళ్లకు బాగా తెలుస్తోంది.

ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. పదోనాడు "ఆ రోజు నువ్వెక్కడున్నావురా?" అని నువ్వే మొదలుపెట్టావు. నేను డ్యూటీలో ఉన్నానన్నాను. "నువ్వు మాత్రం ఎక్కడున్నవ్?" అని ఉక్రోషంలో తిరిగి అడిగాను. అంతే, నీ ముఖం పాలిపోయింది. అన్నం తినకుండానే బావను లేపుకుని పోయావు. ఆ ఒక్క మాటకు ఇంత శిక్షా? నేను ఇరవై సార్లు ఫోన్ చేశాను. నాది తప్పే. ఇకనైనా ఎత్తు.

బాపు ఫోన్ ఇనుప పెట్టెలో ఉంది. చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. నేను తెరవలేదు.

నీ తమ్ముడు,
శ్రావణ్


ఆమనగల్లు,
8 ఆగస్టు 2024

శ్రావణ్,

ఓనరు కుండీ కింద పెడుతున్నాడని రాశావు కదా, నీకు చేరాలని మొన్నటి ఉత్తరం నీ కంపెనీ అడ్రసుకు రిజిస్టర్ చేశాను. ఎయిర్‌పోర్టులో నువ్వు పద్నాలుగేళ్లుగా సామాను దించుతున్న కంపెనీకే. అది ఈ రోజు నా బల్ల మీదికే తిరిగొచ్చింది. కవరు మీద ఎర్ర సిరాతో రాసి ఉంది: "పని మానేశారు. నవంబర్ 2023."

మా పోస్ట్‌మాన్ ఇచ్చేసి పోతూ, "మేడం, మీ తమ్మునిదే కదా?" అన్నాడు. పేరు కలిసిందంతే, వేరే మనిషి అన్నాను. నా చేత అబద్ధమాడించావు.

తొమ్మిది నెలలు. పోయేదాకా బాపు నీ గురించి ఎంత చెప్పుకున్నాడో నీకు తెలియదు. విమానం తక్కువ ఎత్తులో వస్తే చాలు, ఎవరుంటే వాళ్లను ఆపి చూపించేవాడు: "అగో, దాని కడుపులకెళ్లి సామాను దించేది నా కొడుకే." ఆ ఉద్యోగానికి దరఖాస్తు రాసింది నేను. ఫోటో కోసం మా పెళ్లి నాటి సూటు నీకు తొడిగింది నేను, అది మీ బావదని నువ్వు సిగ్గుపడ్డావు కూడా. మరి అంత మంచి ఉద్యోగం ఎందుకు మానేశావు? తీసేశారా? ఏమైనా గొడవ చేశావా? రేఖకు తెలుసా? రోజూ పొద్దున్నే యూనిఫాం వేసుకుని ఎక్కడికి పోయేవాడివి?

పొద్దున్నుంచి ఒకే ఆలోచన నన్ను తినేస్తోంది. రాసేస్తున్నాను. ఈ సంగతి ఆ రోజు బాపుకు తెలిసిందా? తెలిసే, ఆ దిగులుతోనే కళ్లు తిరిగి పడ్డాడా? కాలు జారిందని నువ్వు చెబితే నమ్మాను. నువ్వు డ్యూటీలో ఉన్నానన్నదీ నమ్మాను.

నిజం రాయి. నిజం రాసే దాకా నన్ను అక్కా అనకు.

స్వర్ణలత


శంషాబాద్,
14 ఆగస్టు 2024

అక్కా,

అనొద్దన్నావు, అయినా అంటున్నాను. వేరే ఏమని పిలవాలో నాకు తెలియదు.

నన్ను ఎవరూ తీసేయలేదు. నేనే మానేశాను. చెబితే నవ్వుతావు. పోయిన ఏడాది ఎయిర్‌పోర్టులో ఒక నడవాలో నేల బాగు చేస్తుంటే ఒక ముసలాయన కూర్చుని పగిలిన బండ తీసి కొత్తది వేస్తున్నాడు. రబ్బరు సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. కింద బోలుగా ఉంటే ఒక చప్పుడు, నిండుగా ఉంటే ఒక చప్పుడు. నేను గంటసేపు నిలబడిపోయాను. ఆ గంటకు నాకు మెమో ఇచ్చారు. పద్నాలుగేళ్లు ఎవరివో పెట్టెలు ఎత్తి ఎవరి బండిలోనో వేశాను అక్కా. సాయంత్రం వెనక్కి తిరిగి చూస్తే నేను చేసిందని చూపించడానికి ఏమీ ఉండేది కాదు. ఆ ముసలాయనే బాలమల్లు. ఆయన వెంటే పోయాను.

రేఖకు తెలుసు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించాను. బాపుకు చెప్పలేదు. రోజూ యూనిఫాంలో బయలుదేరి జల్‌పల్లిలో పని దగ్గర బట్టలు మార్చుకునేవాణ్ని. సిమెంటుకు చేతులు పగిలేవి. పొద్దున లేచేసరికి మంచం పక్కన కొబ్బరినూనె సీసా ఉండేది, రేఖ పెట్టేది. ముందు పని బాగా నేర్చుకుందాం, ఒక మంచి ఇల్లు నా చేతులతో చేసి బాపును తీసుకెళ్లి చూపిద్దాం, అప్పుడు చెబుదాం అనుకున్నాను.

ఇక అసలు సంగతి.

మార్చిలో మన బాత్రూంలో పాత షాబాద్ బండలు తీసి కొత్త టైల్స్ వేయించానని నీకు చెప్పాను కదా. వేయించలేదు, వేశాను. అది నా మొదటి సొంత పని. బాలమల్లు ఊళ్లో లేడు, "నేనొచ్చేదాంక ఆగరా" అన్నాడు, ఆగలేదు. బాపు కర్మన్‌ఘాట్ పెండ్లికి పోయి రెండు రోజులు ఉన్నాడు, ఆ రెండు రోజుల్లో వేసేశాను. ఎయిర్‌పోర్టులో ఉన్నట్టు తళతళలాడేవి తెచ్చాను. ఎవరో మేస్త్రి వేశాడని చెప్పాను. బాపు తడిమి చూసి, "మంచిగ మెరుస్తున్నయ్" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

నేలకు వాటం తప్పింది అక్కా. నీళ్లు తూము వైపు పోకుండా గుమ్మం దగ్గర నిలిచేవి. నేను మాత్రం అది చూడలేదు. పొద్దున్నే చీకట్లో పోయి, సాయంత్రం వచ్చేవాణ్ని. నేను వచ్చేసరికి నేల ఎప్పుడూ పొడిగానే ఉండేది. బాగా కుదిరిందనుకున్నాను. ఆ రోజు మాత్రం రాములమ్మ ఫోన్ చేస్తే జల్‌పల్లి నుంచి ఉరికి వచ్చాను. బాపు గుమ్మం దగ్గర పడి ఉన్నాడు, తల గడపకు తగిలింది. ఆయన చుట్టూ నీళ్లు నిలిచి ఉన్నాయి. ఊపిరి లేదు. అందరూ ఆయన్ని చూస్తున్నారు, నేను ఆ నీళ్లను చూశాను.

బాపుకు ఏ సంగతీ తెలియదు. దిగులుతో పడలేదు. నేను వేసిన నేల మీద పడ్డాడు.

సుత్తి చప్పుడు అదే. స్లాబు కారడం నిజమే కానీ నేను పోయింది దాని కోసం కాదు. ఆ టైల్స్ ఒక్కొక్కటీ పగలగొడుతున్నాను. మూడు నెలల తర్వాత తాళం తీసి రేఖ ఆ నేల మీద కాలు పెట్టాలి. నువ్వు వస్తే నువ్వు పెట్టాలి. అప్పటిదాకా ఆగడం నా వల్ల కాలేదు. నక్షత్రానికి కోపం వస్తే నా మీదికే రానియ్యి.

ఇది రేఖకు కూడా చెప్పలేదు. నీకే మొదట.

శ్రావణ్


శంషాబాద్,
10 సెప్టెంబర్ 2024

అక్కా,

ఇరవై ఏడు రోజులైంది. కుండీ కింద రోజూ చూస్తున్నాను. ఓనరు కూడా, "ఏం ఉత్తరం తమ్మీ, ఉద్యోగమా?" అని అడుగుతున్నాడు.

నువ్వు రాయకపోవడం కూడా జవాబే అనుకుంటాను. నీ స్థానంలో నేనున్నా రాసేవాణ్ని కాదు.

పని అయిపోయింది. బాపు పారేయనియ్యకుండా ఇంటి వెనక గోడకు ఆనించి పెట్టిన పాత షాబాద్ బండలే మళ్లీ వేశాను. గరుకుగా ఉంటాయి, కాలు జారదు. బాలమల్లు పక్కన కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు. అయిపోయాక ఒక బకెట్ నీళ్లు నన్నే పొయ్యమన్నాడు. పోశాను. నీళ్లన్నీ తూములోకి పోయాయి, గుమ్మం దగ్గర చుక్క నిలవలేదు. "గిట్లుండాలె వాటం," అన్నాడాయన. నేను అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఆ సాయంత్రమే తాపీ, రసమట్టం ఆయనకు తిరిగిచ్చేశాను. ఇక ఆ పని చేయను. పాత కంపెనీలో అడిగాను, దసరా తర్వాత రమ్మన్నారు. మళ్లీ పెట్టెలు మోస్తాను. పెట్టె మోస్తే ఎవరికీ ఏమీ కాదు.

చిన్న సంగతి ఒకటి. మొన్న చేతులు చూసుకుంటూ ఆ నూనె సీసా మాట రేఖతో అన్నాను. తను ఎప్పుడూ పెట్టలేదట. అప్పుడు ఇంట్లో మేం ముగ్గురమే కదా ఉంది. ఏమీ అర్థం కావడం లేదు.

ఇరవై ఎనిమిదిన తాళం తీస్తాం. పెద్దలకిచ్చే పెత్తరమాస నాడు బాపు పేరున బియ్యం ఇవ్వాలి. కూతురివి, నువ్వు లేకుండా ఇస్తే ఆయన తీసుకుంటాడా? నన్ను చూడకపోయినా ఫరవాలేదు. నువ్వు వచ్చే వేళకు నేను బయటికి పోతాను.

శ్రావణ్


ఆమనగల్లు,
21 సెప్టెంబర్ 2024

తమ్ముడా,

ఈ ఉత్తరం ఎనిమిది సార్లు రాసి చించాను. పోస్టాఫీసులో కాగితాలకు కొదవ లేదు గానీ ధైర్యానికే కరువొచ్చింది.

ముందు నీకు తెలియనిది రాస్తాను. మేలో ఒక రోజు బాపు ఫోన్‌లో నవ్వుతూ అన్నాడు: "స్వర్ణా, మనింట్ల బండలేసిన మేస్త్రి కొత్తోడే. గుమ్మం కాడ నీళ్లు నిలుస్తున్నయ్. శ్రావణ్ వచ్చేసరికి నేనే చీపురుతోని నూకి, గుడ్డతోని తుడుస్తున్న." ఆ మేస్త్రిని పిలిచి మళ్లీ వేయించమని నేను గద్దించాను. "చెప్తే చిన్నబుచ్చుకుంటడు బిడ్డా. మొదటి పని గదా. చెయ్యి మంచిదే, నేర్చుకుంటడు. నేర్చినంక వాడే చూసుకుంటడు" అన్నాడు. ఎవడో మేస్త్రి మీద ఈయనకింత ప్రేమేమిటని విసుక్కుని, వేరే మాటలోకి పోయాను. నీ ఉత్తరం చదివిన రోజు ఆ మాటలు గుర్తొచ్చాయి.

బాపుకు తెలుసురా. నీ ఉద్యోగం తెలుసు, నీ పగిలిన చేతులు తెలుసు, నేల తెలుసు. నువ్వు వచ్చేసరికి నేల పొడిగా ఎందుకుండేదో ఇప్పుడు నీకూ తెలిసింది. నూనె సీసా ఎవరు పెట్టారో నన్నడగకు. నువ్వు చెప్పేదాకా తెలియనట్టే ఉండాలని, యూనిఫాంలో పోతుంటే పోనిచ్చాడు. విమానాలు చూపించి నా కొడుకే అంటూనే ఉన్నాడు.

ఇప్పుడు నాది. "నువ్వు మాత్రం ఎక్కడున్నవ్?" అన్నావు కదా. ఫోన్‌లో ఉన్నాను.

నేను రోజూ ఇంటికొచ్చాక, సాయంత్రం ఐదుంబావుకు బాపుకు ఫోన్ చేస్తానని నీకు తెలుసు. అది ఎప్పుడూ ముందు గదిలో గూట్లో ఉంటుంది. బాపు ఎక్కడున్నా ఒక్క రింగు కూడా పోనివ్వడు. రొప్పుతూ ఎత్తి, "ఉరికొచ్చిన బిడ్డా" అంటాడు. ఆ రోజు ఎత్తలేదు. రెండు నిమిషాలాగి మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. మూడుసార్లు. ఈయనకు చెవుడొచ్చిందా అని నాలో నేనే తిట్టుకున్నాను. రాములమ్మ చూసింది ఐదున్నరకు. కాళ్లు కడుక్కుంటున్నవాడు, నీళ్లు నూకకుండా, తుడవకుండా, నా ఫోన్ కోసమే ఉరికాడు.

ఏ రింగుకు పడ్డాడో నాకు తెలియదు. మొదటిదానికే అయితే, మిగతా రెండూ ఆయన పడి ఉండగా మోగాయి. అందుకే ఆ ఫోన్ తెరవొద్దన్నాను. అందుకే నీ ఫోన్ ఎత్తలేదు. రింగు వినబడితే చాలు, ఫోన్ దిండు కింద దూర్చేస్తున్నాను. నీ మీద కోపమని అందరికీ చెప్పుకున్నాను. నీ ఉద్యోగం సంగతి తెలిసినప్పుడు, తప్పు నీదని తేలితే నాది కాకుండా పోతుందని ఆశపడి ఆ మాట రాశాను. అంత పాపిష్టి ఆశ నాకు పుట్టింది. నువ్వు నన్ను క్షమించకపోయినా నేను అడుగుతున్నాను.

నువ్వు వేసిన నేల, నేను చేసిన ఫోన్, ఆయన చెప్పకుండా దాచిన ప్రేమ. ఏది ముందో, ఏది వెనకో తేల్చడం ఇద్దరి వల్లా కాదు. నేను నెల రోజులు తేల్చాలని చూశాను.

కంపెనీకి పోవద్దు. నేర్చుకుంటాడని బాపు అన్నాడు, నేర్చుకున్నావు. నీళ్లు నిలవడం లేదు కదా? రేపు పొద్దున్నే బాలమల్లు దగ్గరికి పోయి నీ తాపీ తెచ్చుకో. ఇయ్యనంటే మా అక్క అడగమన్నదని చెప్పు.

పెత్తరమాసకు నేను వస్తున్నాను, బియ్యం నేనే తెస్తున్నాను. నువ్వు బయటికి పోతే కాళ్లు విరగ్గొడతాను.

దానికి ముందు ఒక పని చెయ్. ఇరవై ఎనిమిదిన తాళం తీశాక బాపు ఫోన్‌కు చార్జింగ్ పెట్టు. నిన్న బాపు నంబర్‌కు రీచార్జి చేశాను. తెరవగానే నా మూడు ఫోన్లూ కనబడతాయి, చూడు. చూసి, దాన్ని తీసుకెళ్లి మళ్లీ ఆ గూట్లోనే పెట్టు. నువ్వు పోయి ఆ షాబాద్ బండల మీద నిలబడి కాళ్లు కడుక్కో. ఐదుంబావుకు నేను చేస్తాను.

మోగనియ్యి. ఉరకకు. కాళ్లు తుడుచుకుని నడిచి రా. నువ్వు ఎత్తేదాకా నేను పెట్టేయను.

నీ అక్క,
స్వర్ణలత